గుర్రాలతో బతుకుతెరువు: బెజవాడ, గుంటూరు పిల్లలు అశ్వశాస్త్రం ఎలా చదవాలి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు పిల్లాణ్ణో పిల్లనో వెంటబెట్టుకుని నా దగ్గరికి వస్తారు. "డాక్టరమ్మా, మావాడు గుర్రాల చదువు చదువుతానంటున్నాడు. అట్లాంటి చదువుందా? ఉంటే అన్నం పెడుతుందా?" అని అడుగుతారు. ఉంది, పెడుతుంది. కాకపోతే బెజవాడలోనో గుంటూరులోనో కూర్చుంటే మొత్తం పూర్తయ్యే చదువు కాదది. నేను గన్నవరంలో పశువైద్యం చదివాను. గుర్రాన్ని మాత్రం చాలావరకు కాలేజీ బయట, గుర్రపుశాలల్లో నేర్చుకున్నాను. ఆ రెంటినీ ఎలా కలపాలో, ఏది ముందో ఏది వెనకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందొక చేదు సంగతి. 2012 పశుగణనలో దేశం మొత్తం మీద ఆరు లక్షలకు పైగా ఉన్న గుర్రాలు 2019 నాటికి సుమారు 3.4 లక్షలకు పడిపోయాయి. మన ఊళ్లలో జట్కాలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు గుర్రాలు కనిపించేది పందేల్లో, క్రీడల్లో, సైన్యంలో, పోలీసు దళాల్లో, సంతతి పెంచే క్షేత్రాల్లో, మందుల తయారీలో, పెళ్లి ఊరేగింపుల్లో. ఉద్యోగాలు కొన్నే. అయితే ఆ కొన్నింటికే పని తెలిసిన మనిషి దొరక్క యజమానులు వెతుక్కోవడం నేను చూస్తూనే ఉన్నాను.

మొదటి మెట్టు: ఏ పని కావాలో తేల్చుకోండి

గుర్రాలంటే ఇష్టం అనే పిల్లల్లో ఎక్కువమంది మనసులో ఉండేది స్వారీ. ఈ రంగంలో స్వారీ ఒక మూల మాత్రమే. వైద్యం, మేత, గిట్టల పని, సంతానోత్పత్తి, శాల నిర్వహణ, స్వారీ నేర్పడం వేటికవే వేరు బతుకులు. జాకీ కావాలంటే ఒళ్లు సహజంగానే తేలికగా ఉండాలి. పందెంలో గుర్రం మోసే బరువు సాధారణంగా 50 నుంచి 60 కిలోల మధ్య ఉంటుంది, అందులో జీను బరువూ కలిసే ఉంటుంది. పదహారేళ్లకే ఆరడుగులు పెరిగిన పిల్లాడికి ఆ ఆశ పెట్టడం అన్యాయం. అదే పిల్లాడు మంచి శిక్షకుడో శాల మేనేజరో కావచ్చు.

ఎవరికీ తట్టని ఒక దారి చెబుతాను. దివిసీమలో వానాకాలం వస్తే పాముకాట్లు ఎలా పెరుగుతాయో కృష్ణా జిల్లా వాళ్లకు చెప్పక్కర్లేదు. అప్పుడు ఆసుపత్రిలో ఎక్కించే విరుగుడు మందు గుర్రం నెత్తురు నుంచే వస్తుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలను గుర్రానికి అతి చిన్న మోతాదుతో మొదలుపెట్టి వారాల తరబడి పెంచుతూ ఎక్కిస్తారు. దాని ఒంట్లో ప్రతిరక్షకాలు తయారయ్యాక రక్తం తీసి, ప్లాస్మా వేరుచేసి శుద్ధి చేస్తారు. హైదరాబాద్‌కు చెందిన విన్స్ బయోప్రొడక్ట్స్ ఈ మందు తయారుచేసే సంస్థల్లో ఒకటి. ఇలాంటి చోట్ల గుర్రాల ఆరోగ్యం, మేత, రక్తహీనత రాకుండా చూడటం పూర్తికాలపు పని. స్వారీ రాకపోయినా గుర్రాన్ని ప్రేమించేవాళ్లకు ఇంతకంటే గౌరవమైన కొలువు నాకు కనబడదు.

రెండో మెట్టు: కోర్సు కంటే ముందు గుర్రం దగ్గరికి వెళ్లండి

ఈ మెట్టు దాటేసి కోర్సు ఫీజు కట్టినవాళ్లలో కొందరు ఏడాది తిరక్కుండానే వెనక్కి వచ్చేశారు. ఐదింటికి లేవడం, లద్దె ఎత్తడం, ఒంటికి పట్టిన వాసన, వీటితో మనకు పడుతుందో లేదో ముందే తెలియాలి.

బెజవాడలోనూ గుంటూరులోనూ పెళ్లిళ్లకు గుర్రాలు పంపేవాళ్లున్నారు, స్వారీ నేర్పేవాళ్లూ ఉంటారు. వాళ్ల దగ్గరికి వెళ్లి "గుర్రం ఎక్కుతాను" అనకండి. "పొద్దున్నే వచ్చి శాల శుభ్రం చేస్తాను, మేత వేసేటప్పుడు చూస్తాను" అనండి. మర్యాదగా, "అన్నా", "బాబాయ్" అని పిలిచి అడిగితే నూటికి తొంభైమంది కాదనరు. కనీసం మూడు నెలలు, రోజుకు రెండు గంటలు వెళ్లండి.

దగ్గరికి వెళ్లడం కూడా నేర్చుకోవాలి. గుర్రానికి కళ్లు పక్కలకు ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనిపిస్తుంది. ముక్కు ముందు కొంచెం మేర, తోక వెనక మాత్రం కనబడదు. అందుకే ఎడమ భుజం వైపు నుంచి, మాట్లాడుతూ, నెమ్మదిగా వెళ్లాలి. పగ్గం ఎప్పుడూ చేతికి చుట్టుకోవద్దు. అది బెదిరి లాగితే వేళ్లు పోతాయి. చెప్పులతో శాలలోకి అడుగు పెట్టొద్దు. ఎక్కేటప్పుడు హెల్మెట్ లేకపోతే ఎక్కొద్దు, పక్కన ఎవరు నవ్వినా సరే.

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. రోజూ ఒకే వేళకు, గుర్రం విశ్రాంతిగా ఉన్నప్పుడు ఇవి రాయాలి. ఉష్ణోగ్రత మలద్వారం దగ్గర థర్మామీటరుతో చూడాలి, 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మామూలు. నాడి కింది దవడ లోపలి అంచున వేళ్లకు తగులుతుంది, పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44. ఊపిరి పక్కటెముకల కదలిక చూసి లెక్కపెట్టాలి, 8 నుంచి 16. పంటి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలోపు ఎరుపు తిరిగి రావాలి. డొక్కకు చెవి ఆనించి వినండి, లోపల గుడగుడ వినబడాలి. ఏమీ వినబడకపోతే కంగారుపడాల్సిందే. ఎన్ని లీటర్ల నీళ్లు తాగింది, ఎన్నిసార్లు లద్దె వేసింది, ఏం తిన్నది కూడా రాయండి. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం చూపిస్తే ఏ శాల యజమానైనా మిమ్మల్ని కూర్చోబెట్టి మాట్లాడతాడు.

ఈ లెక్కల విలువ నాకు ఒక మాఘమాసపు రాత్రి తెలిసింది. గుంటూరు దగ్గర ఒక పల్లెలో పెళ్లికి వెళ్లిన గుర్రం కాలితో నేల గీరుతోంది, తిరిగి డొక్క చూసుకుంటోంది, పడుకుని దొర్లుతోంది. ఊరేగింపులో పిల్లలు ముచ్చటపడి లడ్డూలు, పులిహోర తినిపించారట. "వాంతి చేసుకుంటే తగ్గుతుందనుకున్నామమ్మా" అన్నాడు యజమాని. గుర్రం అసలు వాంతి చేసుకోగల జంతువు కాదు. గొంతు నుంచి వచ్చే గొట్టం పొట్టను కలిసేచోట కండరం అంత బిగువుగా ఉంటుంది. పొట్ట చూస్తే శరీరంతో పోలిస్తే చిన్నది. లోపల పిండిపదార్థం పులిసి గాలి చేరితే ఆ పొట్ట పగిలే ప్రమాదం ఉంది. అక్కడున్న పదహారేళ్ల కుర్రాడు ముందుకొచ్చి, "సాయంత్రం నాలుగు తర్వాత లద్దె వేయలేదు, నీళ్లు ముట్టలేదు" అన్నాడు. ఆ రెండు మాటలతో ఎక్కడ మొదలుపెట్టాలో నాకు తెలిసింది. ముక్కులోంచి గొట్టం వేసి గాలి, నీరు బయటికి తీశాను. తెల్లారేసరికి గుర్రం లేచి నిలబడి లద్దె వేసింది. ఆ కుర్రాడికి చదువు లేదు, రోజూ చూసే కళ్లున్నాయి.

మూడో మెట్టు: గేదె లెక్క మరిచిపోయి మేత నేర్చుకోండి

మన కృష్ణా, గుంటూరు ప్రాంతం పాడికీ కోళ్లకూ పెట్టింది పేరు. ఇంట్లో గేదెలున్న పిల్లలకు పశువుల భయం ఉండదు, అది మేలు. కీడేమిటంటే గేదెకు పెట్టేదే గుర్రానికీ పెడతారు. గేదెకు నాలుగు గదుల పొట్ట, మేత ముందే పులుస్తుంది. గుర్రానికి ఒకే పొట్ట, పీచు పులిసేది చివర్లో, పెద్దపేగు మొదట ఉండే పెద్ద సంచిలో. అందుకే అది కొంచెం కొంచెంగా రోజంతా నములుతూ ఉండాలి. ఒక్కసారి బకెట్ నిండా దాణా పోస్తే ఆ అమరిక తలకిందులవుతుంది.

13వ శతాబ్దం చివర దక్షిణాదికి వచ్చిన వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఇదే రాశాడు. సముద్రం దాటించి వేలకొద్దీ గుర్రాలు తెప్పించుకుంటున్నారని, వాటికి వండిన అన్నం, మాంసం పెడుతున్నారని, వైద్యం తెలిసినవాళ్లు లేక అవి చచ్చిపోతున్నాయని. ఆయన చూసింది పాండ్యదేశం. పులిహోర తిన్న గుర్రాన్ని చూసిన రాత్రి నాకు ఆ మాటలే గుర్తొచ్చాయి.

మేత లెక్క ఇలా వేయాలి. టేపుతో ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం ముందు ఎముక నుంచి పిరుదు చివరి ఎముక దాకా పొడవు సెంటీమీటర్లలో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 11,880తో భాగిస్తే కిలోల్లో బరువు వస్తుంది. చుట్టుకొలత 170, పొడవు 165 అయితే సుమారు 400 కిలోలు. మేతలోని నీటిని తీసేసి పొడి లెక్కలో చూస్తే రోజుకు ఆ బరువులో రెండు శాతం దాకా, అంటే ఎనిమిది కిలోల మేత. అందులో పెద్ద భాగం గడ్డే ఉండాలి.

ఏ గడ్డి? ఇక్కడే మన ప్రాంతపు చిక్కంతా ఉంది. సూపర్ నేపియర్ అనే పశుగ్రాసం గేదెలకు దివ్యంగా పనిచేస్తుంది. అందులో ఆక్సలేట్లు అనే లవణాలు ఎక్కువ, అవి గుర్రం పేగులో కాల్షియాన్ని పట్టేసుకుంటాయి. దానికి తోడు భాస్వరం ఎక్కువగా ఉండే తవుడు రోజూ పెడితే ఎముకల్లోంచి కాల్షియం లాగుకుని దవడ ఎముకలు ఉబ్బుతాయి, గుర్రం కుంటుతుంది. వరిగడ్డి ఒక్కదానితో పోషణ సరిపోదు. లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత, మంచి ఎండుగడ్డి కలిపి పెట్టడం మేలు. ఉలవలు మన పాత ఆహారమే. ఉడకబెట్టి గుగ్గిళ్లుగా, కొద్దిగా, గడ్డి తిన్న తర్వాత పెట్టాలి. పచ్చి ఉలవల్లో మాంసకృత్తుల జీర్ణానికి అడ్డుపడే పదార్థం ఉంటుంది, ఉడికిస్తే అది చాలావరకు పోతుంది. ఆ ఉడికిన నీళ్లే మనకు ఉలవచారు.

ఇప్పుడు చెప్పేది గోడ మీద రాసి పెట్టుకోండి. కోళ్ల దాణా గుర్రానికి ఎప్పుడూ పెట్టకూడదు. కోళ్లలో కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు రాకుండా దాణాలో కలిపే మోనెన్సిన్, సాలినోమైసిన్ లాంటి మందులు గుర్రం గుండె కండరాన్ని దెబ్బతీసి చంపేస్తాయి. కోళ్లఫారం పక్కనే గుర్రాన్ని కట్టే అలవాటు మన దగ్గర ఉంది కాబట్టి గట్టిగా చెబుతున్నాను. మిల్లులో దాణా ఆడించినా అంతకుముందు ఏం ఆడించారో అడగండి.

రోహిణి కార్తెలో బెజవాడ ఎండ సంగతి మనకు తెలుసు. గుర్రం మనలాగే చెమట పట్టి చల్లబడుతుంది, ఆ చెమటతో ఉప్పు బాగా పోతుంది. పని తెల్లవారుజామునే ముగించాలి, ఉప్పురాయి, చల్లటి నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. చల్లటి ప్రాంతాల నుంచి తెచ్చిన గుర్రాలు కొన్ని మన ఉక్కకు చెమట పట్టడమే మానేస్తాయి. ఒళ్లు పొడిగా ఉండి ముక్కుపుటాలు ఎగరేస్తూ రొప్పుతుంటే నీడకు తెచ్చి, ఒళ్లంతా ఆపకుండా నీళ్లు పోస్తూ వైద్యుణ్ణి పిలవాలి.

నాలుగో మెట్టు: కాళ్లు, పళ్లు, నడక

గిట్ట లేకపోతే గుర్రం లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్టలు చెక్కించాలి. లాడం కొట్టేటప్పుడు పక్కన నిలబడి చూడండి. గిట్ట అడుగున కనిపించే తెల్ల గీతకు బయటే మేకు దిగాలి, లోపలికి జరిగితే సజీవమైన కండలోకి పోతుంది. ఎద్దులకు నాడాలు కొట్టే పని తెలిసినవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. చేతి నైపుణ్యం వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు, గిట్ట నిర్మాణం మాత్రం వేరు. వానాకాలంలో శాల తడిగా ఉంటే గిట్ట మధ్య మెత్తటి భాగం కుళ్లి నల్లటి దుర్వాసన వస్తుంది. దాన్ని రోజూ శుభ్రం చేసే అలవాటు చేసుకోండి.

పెద్ద మగ గుర్రానికి సాధారణంగా 40 పళ్లు, ఆడ గుర్రానికి 36. ముందు పళ్ల అరుగుదల చూసి వయసు అంచనా వేయడం సాధన మీద వస్తుంది. నడకను చెవితో నేర్చుకోవాలి. మామూలు నడకలో నాలుగు చప్పుళ్లు, ట్రాట్ అనే చిన్న పరుగులో రెండు, కాంటర్ అనే మధ్యరకం పరుగులో మూడు, దౌడులో మళ్లీ నాలుగు. ట్రాట్‌లో చప్పుడు సమంగా లేకపోతే ఎక్కడో కుంటు ఉన్నట్టు. ముందుకాలు నొప్పిగా ఉంటే బాగున్న కాలు నేల తాకినప్పుడు తల కిందికి దిగుతుంది.

మన జాతులు కూడా గుర్తుపట్టాలి. మార్వాడీ, కాఠియావాడీ చెవుల కొనలు లోపలికి వంగి దాదాపు కలుస్తాయి. స్పితి, జంస్కారీ, భూటియా, మణిపురీ చిన్నవి, కొండలకు అలవాటుపడినవి.

ఐదో మెట్టు: పట్టా చదువు

పదో తరగతితో మొదలుపెట్టేవాళ్లకు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం నడిపే పశుసంవర్ధక పాలిటెక్నిక్ డిప్లొమా ఉంది. వైద్యుడి పర్యవేక్షణలో పనిచేయడానికి అది పునాది.

వైద్యులు కావాలంటే ఇంటర్‌లో బైపీసీ తప్పదు. బెజవాడ నుంచి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. అదీ ఈ విశ్వవిద్యాలయం కిందిదే. బీవీఎస్సీ అండ్ ఏహెచ్ అనే పశువైద్య పట్టా ఐదున్నరేళ్ల చదువు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. దేశమంతటి కళాశాలల్లో 15 శాతం జాతీయ కోటా సీట్లు నీట్ ర్యాంకుతో భర్తీ అవుతాయి. రాష్ట్ర సీట్ల కోసం ఆ ఏడాది విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రకటనను అక్షరం వదలకుండా చదవండి.

ఈ చదువులో మీ చేతి కిందికి వచ్చేవి ఎక్కువగా ఆవులు, గేదెలు, కుక్కలు. నిరుత్సాహపడకండి. శరీర నిర్మాణం, మందులు, శస్త్రచికిత్స పునాదులు అన్నిటికీ ఒకటే. ఎన్సీసీలో ఆర్ అండ్ వీ (రిమౌంట్ అండ్ వెటర్నరీ) అనే విభాగం పశువైద్య కళాశాలల్లో ఉంటుంది, అందులో స్వారీ నేర్పుతారు. మీరు చేరే కళాశాలలో ఉందేమో మొదటి రోజే కనుక్కోండి. ఇంటర్న్‌షిప్‌లో బయటి శాలలకు వెళ్లే అవకాశం ఏ కొంచెం ఉన్నా గుర్రాలున్న చోటే అడగండి. నేను ఆ ఏడాది అడగడానికి మొహమాటపడ్డాను. తర్వాత రెండేళ్లు అదనంగా తిరగాల్సి వచ్చింది.

బైపీసీ చదవనివాళ్లకు దారి మూసుకుపోలేదు. శాల నిర్వహణ, స్వారీ బోధన, లాడాల పనికి వైద్య పట్టా అక్కర్లేదు. ఇంట్లో కూర్చుని చదవడానికి ఫ్లోరిడా విశ్వవిద్యాలయం గుర్రాల సంరక్షణ మీద, ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం గుర్రాల పోషణ మీద కోర్సెరా అనే ఆన్‌లైన్ వేదికలో పాఠాలు పెట్టాయి. అశ్వశాస్త్రంలోనే డిగ్రీ కావాలంటే బ్రిటన్‌లో హార్ట్‌పురీ, అమెరికాలో కెంటకీ లాంటి విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. ఖర్చు చాలా పెద్దది. ఇక్కడ శాలలో రెండేళ్లు పనిచేయకుండా పొలం అమ్మి ఆ చదువుకు వెళ్లొద్దని తల్లిదండ్రులకు చేతులు జోడించి చెబుతాను.

ఆరో మెట్టు: ఊరు దాటండి

హైదరాబాద్ మలక్‌పేటలో రేసుకోర్సు ఉంది. అక్కడ వానాకాలం, శీతాకాలం రెండు సీజన్లలో పందేలు నడుస్తాయి. రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి చేరే దూరం. పందేల మీద డబ్బు కాసే వైపు కన్నెత్తి చూడకండి. మీ పని వెనక వైపు శాలల్లో, శిక్షకుల దగ్గర. తెల్లవారుజామున గుర్రాలను కసరత్తుకు తీసే వేళ గుర్రాలను చూసుకునే సైసుల పక్కన నిలబడితే ఏ పుస్తకమూ చెప్పనిది నేర్చుకోవచ్చు.

క్రీడల స్వారీకి బెంగళూరు. 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు గెలిచి, టోక్యో ఒలింపిక్స్‌లో 23వ స్థానంలో నిలిచిన ఫవాద్ మీర్జా ఆ ఊరివాడే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన జట్టు డ్రెస్సాజ్‌లో, అంటే గుర్రాన్ని లయగా నడిపించే పోటీలో, బంగారు పతకం తెచ్చాక ఈ క్రీడ గురించి అడిగే పిల్లలు పెరిగారు.

పశువైద్య పట్టా ఉన్నవాళ్లకు సైన్యంలో జంతువులను చూసుకునే రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ ఉంది. 1779లో మొదలైన దళం, శిక్షణ కేంద్రం మీరట్‌లో. పరిశోధన వైపు మనసుంటే హర్యానాలోని హిసార్‌లో జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం 1985 నుంచి పనిచేస్తోంది, బికనీర్‌లో దాని మరో ప్రాంగణం ఉంది. గుర్రాల అంటురోగాల నిర్ధారణలో దేశమంతా చూసేది ఆ కేంద్రం వైపే.

సొంతంగా పెట్టాలనుకునేవాళ్లకు ఒక మాట. 2024 ఫిబ్రవరిలో జాతీయ పశుసంపద మిషన్‌ను సవరించి గుర్రాలు, గాడిదలు, కంచర గాడిదలు, ఒంటెల పెంపకానికీ 50 శాతం పెట్టుబడి రాయితీ, గరిష్ఠంగా 50 లక్షల దాకా, వర్తింపజేశారు. రాయితీ చూసి మొదలుపెట్టకండి. అమ్ముకునే చోటు, చూసుకునే మనిషి ముందు దొరకాలి.

ఏడో మెట్టు: చట్టం, జబ్బులు, మీ ఒంటి రక్షణ

1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసేందుకు నమోదైన వైద్యులకే హక్కు. శాలలో పదేళ్లు పనిచేసినా సొంతంగా సూదిమందు వేయడం మొదలుపెట్టొద్దు. గ్లాండర్స్ అనే జబ్బు గుర్రాల నుంచి మనుషులకూ అంటుతుంది. ముక్కులోంచి చిక్కటి చీమిడి, చర్మం మీద వరుసగా పుండ్లు కనిపిస్తే చేయి పెట్టకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టం కింద అది తప్పనిసరి. ధనుర్వాతం టీకా గుర్రానికీ కావాలి, మీకూ కావాలి. వానాకాలంలో జోరీగలు కుట్టి సర్రా జ్వరం తెస్తాయి. జ్వరం వస్తూ పోతూ గుర్రం చిక్కిపోతుంటే రక్త పరీక్ష చేయించమని అడగండి.

కొలువులో చేరేముందు జీతంతో పాటు వసతి, తిండి, ప్రమాద బీమా గురించి నోరు తెరిచి అడగండి. తన్ను తగిలి కాలు విరిగితే ఆసుపత్రి ఖర్చు ఎవరిదో ముందే తేలాలి. ఆడపిల్లలైతే శాల దగ్గర బస ఎక్కడో, తోడు ఎవరో ఇంట్లోవాళ్లు ఒకసారి వెళ్లి చూసి రావాలి. నన్ను మొదటిసారి హైదరాబాద్ పంపినప్పుడు మా నాన్న నాతో వచ్చి రెండు రోజులు ఉండి, సైసులందరితో కలిసి టీ తాగి, అప్పుడు బస్సెక్కాడు.

మొదటి రోజుకు కావలసినవి: చీలమండ దాకా మూసే బూట్లు, పాత జీన్సు ప్యాంటు, పొడుగు చేతుల నూలు చొక్కా, ఒక థర్మామీటరు, సెకన్ల ముల్లున్న గడియారం, నోటు పుస్తకం, పెన్సిలు. సెంటు పూసుకోకండి. మేత ఐదింటికి వేస్తారు, నాలుగున్నరకే అక్కడ ఉండండి. చీపురు ఎక్కడుందో అడగండి.